దూరపు యంత్రానికి వ్రాతమూలకమైన తాకీదు

కళాశాల అనగానే ఒకప్పుడు మన మనస్సులో మెదలేవి తరగతి గదులు, నల్లబల్లలు, గ్రంథాలయపు బీరువాలు. నేడు వీటికి తోడుగా కంటికి కనిపించని గది ఒకటి ప్రతి కళాశాలకూ ఏర్పడింది. ప్రవేశ దరఖాస్తులు, హాజరు పట్టికలు, మార్కుల జాబితాలు, ధ్రువపత్రాలు ఆ గదిలోనే ఉంటున్నాయి. దానినే సర్వర్ అంటున్నాము. అది కర్నూలులో ఉండదు, కడపలోనూ ఉండదు. ముంబయిలోనో హైదరాబాదులోనో ఒక పెద్ద భవనంలో, వేలాది యంత్రాల నడుమ, అద్దెకు తీసుకొన్న కొద్దిపాటి చోటుగా ఉంటుంది. దానిని మనం చేతితో తాకలేము. ఇక్కడి నుండి ఆదేశాలు పంపి అక్కడ పని చేయించుకోవలసిందే.

ఆ ఆదేశాలను ఎట్లు పంపాలి, ఒకసారి చేసిన అమరికను అవసరమైనప్పుడు మరల తప్పు లేకుండా ఎట్లు చేయించాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. మేము వృత్తిరీత్యా తెలుగు భాషా సాహిత్యాలను బోధించేవారము. యంత్రశాస్త్రం మా పాఠ్యాంశం కాదు. అయినా ఒక చేదు అనుభవం మమ్మల్ని ఈ విద్య వైపు నడిపించింది. ముందుగా దానిని మనవి చేస్తాము.

పేర్లు పోయిన జాబితా

కొన్ని సంవత్సరాల క్రిందట మా దరఖాస్తుల వ్యవహారాన్ని ఒక పాత సర్వర్ నుండి మరొక దానికి మార్చవలసి వచ్చింది. పాత దానిని అమర్చిన యువకుడు వేరే ఊరిలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. అతడు ఏ ఆదేశాన్ని ఎప్పుడు ఇచ్చాడో, ఏ ఫైలులో ఏ పంక్తి మార్చాడో ఎక్కడా వ్రాసి ఉంచలేదు. తెలిసినంతవరకు చేతితోనే క్రొత్త సర్వర్‌ను అమర్చారు. చూపుకు అంతా బాగానే ఉన్నది. విద్యార్థులు తమ పేర్లను, తల్లిదండ్రుల పేర్లను తెలుగులోనూ ఉర్దూలోనూ నమోదు చేశారు. జాబితా తీసి చూడగా అంకెలు ఉన్నాయి, పేర్లు లేవు. పేరు ఉండవలసిన ప్రతి చోటా ప్రశ్నార్థకాల వరుస ఉన్నది.

కారణం చిన్నది. మైఎస్‌క్యూఎల్ అనే ప్రసిద్ధ డేటాబేసులో చాలా కాలం పాటు ముందుగా అమర్చి ఉంచిన లిపి లాటిన్. తెలుగు, అరబ్బీ లిపులకు 1991లోనే యూనికోడులో స్థానం లభించినా, ఆ డేటాబేసులో అన్ని భాషలకూ చాలిన అమరిక సహజంగా లభించడం 2018లో వెలువడిన 8.0 సంచికతోనే మొదలయింది. మా వద్ద ఉన్నది అంతకు ముందటి సంచిక. పాత సర్వర్‌లో ఆ యువకుడు లిపిని మార్చే పంక్తి ఒకటి వ్రాశాడు. క్రొత్త దానిలో ఆ పంక్తి లేదు. ఇందులో విచారకరమైన సంగతి ఏమనగా, అట్లు పోయిన పేర్లు తిరిగి రావు. యంత్రం అక్షరాలను దాచి ఉంచి ప్రశ్నార్థకాలను చూపడం లేదు, ప్రశ్నార్థకాలనే దాచుకొన్నది.

ఆదోని నుండి, నందికొట్కూరు నుండి, ప్రొద్దుటూరు నుండి విద్యార్థులను మరల పిలిపించవలసి వచ్చింది. బస్సు ఖర్చులు పెట్టుకొని వచ్చిన ఒక అమ్మాయి ఆ కాగితం చూచి, "సార్, మా అమ్మ పేరు యాడుంది? అన్నీ ప్రశ్నలే ఉండాయే!" అన్నది. ఆ అమ్మాయికి మేము చెప్పగలిగిన సమాధానం ఏమీ లేకపోయింది. ఒక్క పంక్తి ఒక మనిషి జ్ఞాపకంలో మాత్రమే ఉండి, ఆ మనిషితోనే వెళ్ళిపోయింది. అంతే జరిగింది.

అసలు, నకలు

మన కడప చరిత్రలో ఈ సమస్యకు పోలిన సమస్య ఒకటి ఉన్నది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను, తరువాతి కాలంలో పండితులను నియమించి తాళపత్ర ప్రతులను సేకరింపజేశాడు. ఒకే కావ్యానికి పది ప్రతులు దొరికితే పదింటిలోనూ పాఠం వేరువేరుగా ఉండేది. వ్రాయసకాడు ఒకచోట పంక్తి దాటవేస్తాడు, మరొకచోట తనకు తోచిన మాట చేరుస్తాడు. నకలుకు నకలు వ్రాసేకొద్దీ దూరం పెరుగుతుంది. అందువలన ప్రతులను పరస్పరం పోల్చి, ఒక శుద్ధప్రతిని సిద్ధపరచి, ఆ మీదట దాని నుండి నకళ్ళు వ్రాయించడం బ్రౌను పండితుల పద్ధతి అయింది. నేడు కడపలో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయాన్ని దర్శించే విద్యార్థులు ఈ శ్రమను గుర్తు చేసుకోవాలి.

చేతితో అమర్చిన సర్వర్లు ఆ తాళపత్ర ప్రతుల వంటివే. మొదటి దినాన రెండు యంత్రాలు ఒకే తీరుగా ఉంటాయి. ఒకనాడు ఒకదానిలో ఏదో సవరణ జరుగుతుంది, రెండవదానిలో మరచిపోతారు. ఆరు మాసాలు గడిచేసరికి ఏది అసలో ఏది నకలో తెలియదు. దీనికి విరుగుడు బ్రౌను పద్ధతియే. యంత్రాన్ని అసలుగా భావించరాదు. యంత్రాన్ని నిర్మించే ఆదేశాల వ్రాతను అసలుగా భావించాలి. యంత్రం దానికి నకలు మాత్రమే. ఆ శుద్ధప్రతికే స్క్రిప్టు అని పేరు.

ఒక్క కళాశాలకే ఇంత చిక్కు ఉన్నప్పుడు పెద్ద వ్యవస్థల మాట ఊహించవచ్చు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ "కార్డ్" అనే పేరుతో 200కు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో దస్తావేజుల నమోదును కంప్యూటర్లకు ఎక్కించింది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాల సంఖ్య 15,000 దాకా ఉన్నది. ఇన్ని చోట్ల ఒకే పని ఒకే తీరుగా జరగాలంటే మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకొని కూర్చోవడం సాధ్యం కాదు.

దూరపు యంత్రంతో మాట్లాడే మార్గం

స్క్రిప్టును పంపడానికి ముందు భద్రమైన దారి కావాలి. పూర్వం టెల్‌నెట్ అనే పద్ధతి ఉండేది. అందులో పాస్‌వర్డు సహా ప్రతి మాటా తెరచిన పోస్టుకార్డు వలె ప్రయాణించేది. 1995లో ఫిన్లండు దేశంలోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇట్లు పాస్‌వర్డులు దొంగిలింపబడిన తరువాత, అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతిని రూపొందించాడు. ఇందులో మాటలన్నీ గూఢలిపిలో సాగుతాయి. నేడు ప్రపంచమంతటా దూరపు సర్వర్లతో వ్యవహారం ప్రధానంగా ఈ దారినే జరుగుతున్నది.

ఇందులో పాస్‌వర్డుకు బదులు తాళమూ తాళపుచెవీ వాడడం మేలు. మన కంప్యూటరులో ఒక జతను తయారు చేస్తాము. తాళం వంటి భాగాన్ని సర్వర్ మీద ఉంచుతాము. అది ఎవరు చూచినా నష్టం లేదు. తాళపుచెవి వంటి భాగం మన వద్దనే ఉండాలి. దానిని మిత్రునికి వాట్సాప్‌లో పంపడం ఇంటి తాళపుచెవిని బజారులో విడిచి రావడంతో సమానం. మొదటిసారి సర్వర్‌ను కలిసినప్పుడు అది తన వేలిముద్ర వంటి గుర్తును చూపుతుంది. చదవకుండానే "సరే" అనక, అది మన సర్వర్ గుర్తేనా అని సరిచూడాలి.

స్క్రిప్టు అనగానేమి?

మనం ఒకటొకటిగా టైపు చేసే ఆదేశాలనే వరుసగా ఒక ఫైలులో వ్రాసి, ఆ ఫైలును నడపమని యంత్రానికి చెప్పడమే స్క్రిప్టు. యూనిక్స్ వ్యవస్థలో 1979లో వచ్చిన బోర్న్ షెల్, దాని బాటలో 1989లో వెలువడిన బ్యాష్ ఈ పనికి ప్రసిద్ధములు. మా సర్వర్‌కు మేము వ్రాసుకొన్న వరుస సుమారుగా ఇది.

మొదట యంత్రంలోని మూల సాఫ్ట్‌వేర్‌ను తాజాపరచాలి. సర్వాధికారాలు గల ఖాతాతో కాక, పరిమిత అధికారాలతో పని చేసే వేరొక ఖాతాను సృష్టించాలి. అక్కరలేని ద్వారాలన్నీ మూసి, అవసరమైనవి మాత్రమే తెరచి ఉంచాలి. వెబ్ సర్వర్‌ను, డేటాబేసును స్థాపించాలి. డేటాబేసు లిపిని యూనికోడుగా నిర్ణయించాలి. కాలమానాన్ని భారత కాలమానంగా మార్చాలి. లేనియెడల అర్ధరాత్రి మూయవలసిన దరఖాస్తు తెల్లవారుజామున అయిదున్నర దాకా తెరచి ఉంటుంది. ఉర్దూ నస్తాలీఖ్ ఫాంటును, తెలుగు ఫాంటును సర్వర్‌లోనే ఉంచాలి. ధ్రువపత్రాలు అక్కడే తయారవుతాయి కావున మన కంప్యూటరులో ఉన్న ఫాంటు అందుకు పనికిరాదు. ప్రతి రాత్రీ డేటాబేసు నకలును తీసి వేరొక చోటికి పంపే ఏర్పాటు చేయాలి.

చివరి మెట్టు మా అనుభవం నేర్పినది. స్క్రిప్టు తానే ఒక తెలుగు పేరును, ఒక ఉర్దూ పేరును డేటాబేసులో వ్రాసి, తిరిగి చదివి, రెండూ అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయా అని పోల్చి చూస్తుంది. తేడా ఉంటే "అమరిక విఫలం" అని చెప్పి ఆగిపోతుంది. ఆ రెండు పేర్లలో ఒకటి కృష్ణవేణి, మరొకటి గౌసియా.

తప్పు జరిగిన చోటనే ఆగాలి

క్రొత్తగా వ్రాసేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. షెల్ స్వభావం విచిత్రమైనది. ఒక ఆదేశం విఫలమైనా అది ఆగదు. తరువాతి పంక్తికి వెళ్ళిపోతుంది. ఉదాహరణకు, "పాత సంచికలు ఉన్న అరలోనికి వెళ్ళు" అన్నది మొదటి పంక్తి, "ఇక్కడ ఉన్నదంతా తుడిచివేయి" అన్నది రెండవ పంక్తి అనుకొందాము. ఏ కారణం చేతనో ఆ అర లేకపోతే మొదటి పంక్తి విఫలమవుతుంది. యంత్రం ఉన్నచోటనే నిలిచి రెండవ పంక్తిని అమలు చేస్తుంది. తుడుచుకొని పోయేది మనం ఉంచుకోదలచిన వస్తువే కావచ్చు. కావున, ఏ పంక్తి విఫలమైనా అక్కడనే ఆగిపోవలెనని స్క్రిప్టు మొదట్లోనే కట్టడి చేయాలి. తుడిచివేసే ఆదేశంలో "ఇక్కడ" అనక, అర పేరును పూర్తిగా వ్రాయాలి.

లస్కరు చెప్పిన సూత్రం

రెండవ సూత్రాన్ని మన కర్నూలు-కడప కాలువ మీద చెప్పుకొంటే తేలికగా బోధపడుతుంది. 1860 దశకంలో తవ్వకం ప్రారంభమై, తుంగభద్ర మీది సుంకేసుల నుండి కడప వైపు సాగే ఈ కాలువ గట్టున తూముల కాపలాకు లస్కర్లు ఉంటారని మన విద్యార్థులకు తెలుసు. లస్కరుకు రెండు విధాలుగా తాకీదు ఇవ్వవచ్చు. "తూము మరను మూడు చుట్లు త్రిప్పు" అనడం ఒకటి. "నీరు ఈ గుర్తు దాకా వచ్చేటట్లు ఉంచు" అనడం రెండవది. మొదటి తాకీదు పొరపాటున రెండుసార్లు అందితే ఆరు చుట్లు తిరుగుతుంది, చేను మునుగుతుంది. రెండవ తాకీదు పదిసార్లు అందినా ప్రమాదం లేదు. నీరు గుర్తు దగ్గర ఉంటే లస్కరు ఏమీ చేయడు. తగ్గి ఉంటే ఎత్తుతాడు. మించి ఉంటే దించుతాడు.

స్క్రిప్టు కూడా రెండవ పద్ధతిలోనే వ్రాయాలి. "ఈ పంక్తిని ఫైలు చివర చేర్చు" అంటే మూడుసార్లు నడిపితే మూడు పంక్తులు చేరుతాయి. "ఈ పంక్తి ఫైలులో లేకపోతే మాత్రమే చేర్చు" అంటే ఎన్నిసార్లు నడిపినా ఒకటే ఉంటుంది. "ఖాతాను సృష్టించు" అనక "ఖాతా లేకపోతే సృష్టించు" అనాలి. ఇట్లు వ్రాసిన స్క్రిప్టు సగంలో ఆగిపోయినా, లోపం సరిదిద్ది మరల మొదటి నుండి నిర్భయంగా నడపవచ్చు.

చేయవలసిన పనిని కాక ఉండవలసిన స్థితిని వ్రాయడం అనే ఈ ఆలోచన మీదనే పెద్ద సాధనాలు పుట్టాయి. 1993లో ఆస్లో నగరంలో మార్క్ బర్జెస్ సి.ఎఫ్.ఇంజన్‌ను ప్రారంభించాడు. తరువాత 2005లో పపెట్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. వీటిలో ఆన్సిబుల్ చిన్న సంస్థలకు అనువైనది. దూరపు యంత్రంలో ప్రత్యేకమైన ప్రతినిధి కార్యక్రమాన్ని స్థాపించే అవసరం లేకుండా, ఎస్.ఎస్.హెచ్. దారినే పని నడుపుతుంది. సర్వర్ల జాబితా ఒక ఫైలు, ఉండవలసిన స్థితుల వివరణ మరొక ఫైలు. అయితే షెల్ స్క్రిప్టు నేర్చినవారికే దీని అంతరార్థం బాగా తెలుస్తుందని మా అభిప్రాయం.

క్రొత్త సంచికను నిలుపుట

యంత్రాన్ని అమర్చడం ఒక ఎత్తు, దాని మీద మన సాఫ్ట్‌వేర్ యొక్క క్రొత్త సంచికను ప్రవేశపెట్టడం మరొక ఎత్తు. నడుస్తున్న సంచిక మీదనే క్రొత్త ఫైళ్ళను పరచడం చాలామంది చేసే పొరపాటు. సగం ఫైళ్ళు చేరినప్పుడు కరెంటో నెట్టో పోతే అది పాతదీ కాదు, క్రొత్తదీ కాదు.

దీనికి చక్కని ఉపాయం ఉన్నది. ప్రతి సంచికకూ తేదీతో కూడిన ప్రత్యేకమైన అర ఏర్పాటు చేయాలి. "ప్రస్తుతము" అనే గుర్తుపలక వంటి లంకె ఒకటి వాటిలో ఒకదాని వైపు చూపుతూ ఉంటుంది. వెబ్ సర్వర్ ఆ పలకను మాత్రమే చూస్తుంది. క్రొత్త సంచిక తన అరలో పూర్తిగా చేరి, పరీక్షలో నెగ్గిన తరువాత, పలకను పాత అర నుండి క్రొత్త అర వైపు త్రిప్పుతాము. అది క్షణంలో జరిగే పని. ఏదైనా తప్పు బయటపడితే పలకను వెనుకకు త్రిప్పితే సరిపోతుంది. కాని, డేటాబేసులోని మార్పులు పలకతో పాటు వెనుకకు రావు. కావున పలక త్రిప్పడానికి ముందు డేటాబేసు నకలు తీయడం స్క్రిప్టులో తప్పనిసరి మెట్టు కావాలి.

సర్వర్లు పెక్కు ఉన్నప్పుడు ఒక్కటి విడిచిపెట్టినా ఏమగునో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు 8 సర్వర్లు ఉండేవి. 2012లో క్రొత్త సాఫ్ట్‌వేర్‌ను ఒక ఉద్యోగి 7 సర్వర్లలో ప్రవేశపెట్టి, ఎనిమిదవ దానిని మరచిపోయాడు. రెండవ మనిషి సరిచూడలేదు. ఆగస్టు 1న వ్యాపారం మొదలు కాగానే ఆ ఎనిమిదవ యంత్రంలో ఎప్పుడో వాడుక మానిన పాత కార్యక్రమం మేల్కొన్నది. సుమారు 45 నిమిషాలలో ఆ సంస్థ 44 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. తప్పు తెలివితేటలకు సంబంధించినది కాదు, జాబితాకు సంబంధించినది. స్క్రిప్టు జాబితాలోని ప్రతి పేరును పిలుస్తుంది, పలకని దానిని చూపుతుంది. హాజరు తీసుకొనే ఉపాధ్యాయుడు చేసేదీ ఇదే కదా!

కొన్ని హెచ్చరికలు

స్క్రిప్టుకు మంచి చెడ్డలు తెలియవు. చేతితో చేసిన తప్పు ఒక యంత్రంతో పోతుంది. స్క్రిప్టులోని తప్పు జాబితాలోని అన్ని యంత్రాలకూ ఒకే వేగంతో చేరుతుంది. కావున ముందుగా ఒక విడి యంత్రం మీద, తరువాత ఒక్క అసలు యంత్రం మీద నడిపి, చూచి, ఆ పిదపనే మిగిలినవాటికి పంపాలి. పాస్‌వర్డులను స్క్రిప్టులో వ్రాయరాదు. వేరే ఫైలులో భద్రపరచి, నడిపే సమయంలో అందించాలి. స్క్రిప్టులోని ప్రతి సవరణనూ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారన్న వివరంతో గిట్ వంటి సాధనంలో నమోదు చేయాలి. అన్నిటికంటె ముఖ్యంగా, రాత్రిపూట తీసే నకలును అప్పుడప్పుడు క్రొత్త యంత్రంలో తిరిగి నిలిపి చూడాలి. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో చెప్పలేము.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తినప్పుడు మేము విద్యార్థులము. నీరు తీసిన తరువాత వీధులలో ఎండకు ఆరవేసిన దస్త్రాలు, బురద నిండిన కంప్యూటర్లు మా కళ్ళ ముందు ఇప్పటికీ ఉన్నాయి. యంత్రం పోతుంది, ఏదో ఒకనాడు పోక తప్పదు. దాని లోపలి సమాచారానికి వేరొక ఊరిలో నకలు, దాని అమరికకు ఒక స్క్రిప్టు ఉన్నప్పుడు అది నష్టమే గాని నాశనం కాదు.

మా పరీక్ష

మా స్క్రిప్టు పూర్తి అయిన తరువాత ఒక పరీక్ష పెట్టుకొన్నాము. ఈ విషయంలో ఏ ప్రవేశమూ లేని ఒక డిగ్రీ విద్యార్థికి ఖాళీ సర్వర్‌ను, స్క్రిప్టును, ఒక పుట సూచనలను అప్పగించి, మేము నోరు మెదపకుండా ప్రక్కన కూర్చున్నాము. మొదటి పర్యాయం అది మధ్యలో ఆగిపోయింది. ఉర్దూ ఫాంటును మేమే ఎప్పుడో చేతితో ఉంచి, స్క్రిప్టులో వ్రాయడం మరచిపోయాము. ఎవరి అలవాటును మేము విమర్శించామో ఆ అలవాటే మాలోనూ ఉన్నదని సిగ్గుపడ్డాము. రెండవ పర్యాయం కాలమానం దగ్గర లోపం దొరికింది. మూడవ పర్యాయం చివరి పంక్తి దాకా వెళ్ళి, కృష్ణవేణి పేరూ గౌసియా పేరూ చెక్కుచెదరకుండా తెర మీదికి వచ్చాయి. ఆ విద్యార్థి మమ్మల్ని ఒక్క మాట కూడ అడగలేదు. మేము కోరుకొన్నది అదే.

ఒకరి చేతిలో మాత్రమే ఉన్న విద్య ఆ మనిషితో పాటు ఊరు మారుతుంది. వ్రాతలోనికి వచ్చిన విద్య నిలిచి, చదివినవారందరిదీ అవుతుంది. ఒకప్పుడు మన పత్రికల ఉర్దూ పుటలను కాతిబులు చేతితో వ్రాసేవారు. తెలుగు పుటలకు కంపోజిటర్లు అక్షరం అక్షరంగా సీసపు అచ్చులు పేర్చేవారు. ఆ రెండు లిపులలోని ఏ విద్యార్థి పేరూ ఇకమీదట ప్రశ్నార్థకంగా మారకుండా చూచుకోవడం నేడు మన బాధ్యత. శాస్త్ర విద్యార్థులే కాక భాషా విద్యార్థులు కూడ ఈ పనికి ముందుకు రావాలని, కనీసం ఒక చిన్న స్క్రిప్టునైనా తమ చేతితో వ్రాసి నడిపి చూడాలని మనసారా కోరుతున్నాము.